వస్తువూ, శిల్పమూ: శాంతినికేతన్‌లో ఒక మధ్యాహ్నం

తెలుగులో శిల్పం అనే మాటకు రెండు అర్థాలున్నాయి. రాతిని చెక్కి చేసిన బొమ్మ శిల్పమే. కథలోనూ కవిత్వంలోనూ వస్తువును చెప్పే తీరూ శిల్పమే. సాహిత్య విమర్శలో మనం రెండో అర్థాన్ని ఎంతగా వాడామంటే, మొదటిదాన్ని దాదాపు మరిచిపోయాం. వస్తువు ప్రజలది కావాలి, శిల్పం దానికి లోబడి వుండాలి అని కొందరంటారు. శిల్పం చాలకపోతే వస్తువు వట్టి నినాదంగా మిగులుతుందని మరికొందరంటారు. పైకి ఈ రెండూ ఎదురు వాదాలే. కాని రెండింటిలోనూ ఒకే పొరపాటు వుంది. వస్తువు ముందే ఎక్కడో తయారై వుంటుందనీ, శిల్పం దానికి తొడిగే చొక్కా వంటిదనీ ఇద్దరూ అనుకుంటున్నారు. ఇది ఎంత పొరపాటో, నేను చదివిన పుస్తకాలన్నిటికంటే ఎక్కువగా, ఆరుబయట నిలబడిన కొన్ని సిమెంటు బొమ్మలు నాకు బోధపరిచాయి.

ఆ బొమ్మలు పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో, శాంతినికేతన్ కళాభవన్ ఆవరణలో వున్నాయి. వాటిని చేసినవాడు రాంకింకర్ బైజ్. బోల్పూరు స్టేషనులో రైలు దిగి, భోజనం ముగించి, ఎండ ఇంకా తగ్గకముందే అక్కడికి చేరాం. నా వెంట మా కాలేజీ విద్యార్థి ఒకడు వచ్చాడు. చురుకైనవాడు, బాగా చదివినవాడు, దేన్నీ తేలిగ్గా ఒప్పుకోనివాడు. "సంథాల్ కుటుంబం" అనే బొమ్మ చుట్టూ రెండుసార్లు తిరిగి వచ్చి అతనన్న మాట ఇది: "బాగానే వుంది మాస్టారూ. కాని ఇందులో పోరాటమేదీ? బీదవాళ్లు మూటాముల్లె నెత్తినెత్తుకుని పోతున్నారు. అంతే గదా?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. తోచలేదని ఒప్పుకోవడానికి సిగ్గుపడను. ఎందుకంటే అభ్యుదయ కళను గురించి అడగవలసిన ప్రశ్న అదే. ఆ మధ్యాహ్నమంతా ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూనే గడిచింది. ఈ వ్యాసం ఆ జవాబే.

మొదట ఆ బొమ్మ ఏమిటో చెప్పాలి. మనిషికంటే పెద్ద కొలతలో ఒక సంథాల్ దంపతులు నడిచి పోతున్నారు. మగవాడి భుజాన కావడి. ఆ కావడి తట్టలో పసివాడు కూర్చుని వున్నాడు. ఆడమనిషి నెత్తిన బరువు పెట్టుకుని భర్త పక్కనే అడుగు కలుపుతున్నది. వాళ్లతోబాటు వాళ్ల కుక్క. ఇల్లంతా అదే; వెనక మిగిలిందేమీ లేదు. మనకు కావడి అనగానే శ్రవణకుమారుడు గుర్తొస్తాడు. తల్లిదండ్రుల్ని మోసుకుంటూ తీర్థయాత్రకు పోయిన కొడుకు అతను. ఇక్కడ కావడి మోస్తున్నది తండ్రి, అందులో వున్నది బిడ్డ, పోతున్నది తీర్థానికి కాదు, కూలికి. పురాణంలోని కావడి గతాన్ని మోసింది. ఈ కావడి రేపటిని మోస్తున్నది.

దీన్ని రాంకింకర్ 1938లో పూర్తి చేశాడు. భారతదేశంలో బహిరంగ స్థలంలో నిలిచిన మొదటి ఆధునిక శిల్పంగా దీన్ని లెక్కిస్తారు. అప్పటిదాకా మన వూళ్ల కూడళ్లలో విగ్రహంగా నిలబడాలంటే వైస్రాయి అయినా కావాలి, సంస్థానాధీశుడైనా కావాలి. అలాంటి రోజుల్లో ఒక కూలి కుటుంబానికి, వాళ్ల కుక్కతో సహా, మహారాజుకు దక్కే కొలత దక్కింది. కాని ఒక తేడా వుంది. మహారాజును ఎత్తయిన దిమ్మమీద నిలబెడతారు. చూసేవాడు తల పైకెత్తాలి, విగ్రహం కిందికి చూడాలి. ఆ ఎత్తులోనే అధికారం వుంది. సంథాల్ కుటుంబం కింద వున్న దిమ్మ బాగా తక్కువ ఎత్తుది. వాళ్లు నడిచే నేలా మనం నిలుచున్న నేలా దాదాపు ఒకటే. మనం పక్కకు తప్పుకోకపోతే మనల్ని దాటుకుని పోతారేమో అనిపిస్తుంది.

బొమ్మ దేనితో చేశాడన్నది అంతకంటే ముఖ్యం. కంచు పోత పోయడానికి గాని, పాలరాయి తెప్పించడానికి గాని కావలసిన డబ్బు అక్కడ లేదు. ఇనుప చువ్వలతో అస్థిపంజరం వంటి కట్టు కట్టి, సిమెంటులో ఆ ప్రాంతపు ఎర్ర మొరం రాళ్లు కలిపి, ఆ ముద్దను గుప్పిళ్లతో చువ్వలమీదికి విసిరి, ఆరేలోగా చెక్కి ఆకారం తెచ్చాడు. బీర్భూమ్ నేలంతా ఈ ఎర్ర మొరమే. వాన కోసిన గండ్లలోనూ అదే, దారి పొడుగునా కాళ్లకింద కరకరలాడేదీ అదే. దగ్గరికి పోయి చూస్తే ఆ మనుషుల చర్మంలో గులకలు కనిపిస్తాయి. ఏ రోడ్డుకు వేసే మొరాన్ని ఆ కూలీలు తట్టలతో మోశారో, ఆ మొరంతోనే వాళ్ల దేహాలు తయారయ్యాయి. పాలరాతితో ఇదే బొమ్మ చేసి వుంటే మనం దాని నునుపును నిమిరి మెచ్చుకునేవాళ్లం. మొరాన్ని నిమరలేం, చెయ్యి గీరుకుంటుంది. పేదరికాన్ని అందంగా చూపించాడనే నిందకు చోటివ్వకుండా ఆ గరుకుతనమే అడ్డుపడుతున్నది. ఇక్కడ వస్తువు ఏది, శిల్పం ఏది? విడదీయడం ఎవరి తరం?

వీళ్లు ఎక్కడికి పోతున్నారు, ఎందుకు పోతున్నారు అనే ప్రశ్నకు జవాబు చరిత్రలో వుంది. అడవులు నరికి రాజమహల్ కొండల కింద పొలాలు చేసుకున్న సంథాలుల్ని వడ్డీ వ్యాపారులూ జమీందార్లూ కంపెనీ పోలీసులూ కలిసి పీల్చివేశారు. 1855లో సిద్ధూ, కానూ అనే అన్నదమ్ముల నాయకత్వాన వాళ్లు తిరగబడ్డారు. ఆ తిరుగుబాటు బీర్భూమ్‌కూ పాకింది. 1856 నాటికి సైన్యం దాన్ని అణచివేసింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో భూమి పోగొట్టుకున్న సంథాలులు అస్సాం తేయాకు తోటలకూ, బొగ్గు గనులకూ, పరాయి పొలాల్లో కోతలకూ బారులు కట్టి నడిచారు. రాంకింకర్ తన కళ్లతో చూసింది ఆ బారుల్లో ఒక కుటుంబాన్నే. కనుక ఆ నడక వట్టి నడక కాదు. అది ఓడిపోయిన తిరుగుబాటుకు కొనసాగింపు. అయితే వాళ్ల వెన్ను వంగలేదు. కాళ్లు బరువుగా, స్థిరంగా, లయ తప్పకుండా పడుతున్నాయి. ఓడినవాళ్ల నడకే గాని, లొంగినవాళ్ల నడక కాదు.

ఇంతవరకు చెప్పాక నా విద్యార్థి మళ్లీ అడ్డుతగిలాడు. "ఈ చరిత్ర మీరు చెబితే తెలిసింది గదా మాస్టారూ, బొమ్మ చెప్పిందా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. అందుకే మేం రెండో బొమ్మ దగ్గరికి నడిచాం.

దాని పేరు బెంగాలీలో "కలేర్ బాంశి". మిల్లు కూత అని మనం అనవచ్చు. 1956లో చేసింది. రెండో పంచవర్ష ప్రణాళిక మొదలైన సంవత్సరం అది. ఇద్దరు సంథాల్ స్త్రీలు బియ్యం మిల్లు కూత విని పరుగు పరుగున పోతున్నారు. వెనక ఒక పిల్లవాడు వాళ్లను అందుకోవాలని ఉరుకుతున్నాడు. స్నానం చేసి తడిపిన చీరలు ఆరేసుకునే వ్యవధి లేదు. పోతూ పోతూనే గాలికి ఆరబెట్టుకుంటున్నారు. ఆ గుడ్డ వాళ్ల వెనక తెరచాపలాగా ఎగిసి, ఇద్దరు మనుషుల్నీ ఒకే ఉధృతిలో కలిపేసింది. రాయీ సిమెంటూ ఇంత వేగంగా పోగలవని దీన్ని చూసేదాకా నాకు తెలియదు.

మొదటి బొమ్మకూ దీనికీ మధ్య పద్ధెనిమిదేళ్లు. మనుషులు వాళ్లే. మొరం అదే. మారింది ఒక్కటే: నడక. 1938 నాటి కుటుంబం తన అడుగు తనే వేస్తున్నది. దాన్ని తరిమింది ఆకలి, అప్పు, కరువు. అవి క్రూరమైనవే గాని గంట కొట్టవు. 1956 నాటి స్త్రీలను తరుముతున్నది కూత. ఆలస్యమైతే ఆ పూట కూలి పోతుంది. రుతువుల లెక్కన బతికిన మనిషి యంత్రపు గంట లెక్కకు ఎలా మారాడన్నది అర్థశాస్త్ర గ్రంథాలు అధ్యాయాలకు అధ్యాయాలు రాసిన విషయం. రాంకింకర్ దాన్ని రెండు నడకల్లో చెప్పాడు. బొమ్మలో మిల్లు లేదు. యజమాని లేడు. కూత ఎలాగూ రాతిలో కనిపించేది కాదు. అయినా ఆ తడి చీర అంచు చూసినవాడికి కూత వినిపించి తీరుతుంది. చీర ఆరబెట్టుకోవడానికి కూడా తీరిక ఇవ్వని వ్యవస్థ ఎలాంటిదో చెప్పడానికి యజమాని బొమ్మ అక్కర్లేదు.

పేరులో మరో సంగతి వుంది. బెంగాలీలో బాంశి అంటే యంత్రపు కూతా, పిల్లనగ్రోవీ కూడా. పిల్లనగ్రోవి విని చేస్తున్న పనులు వదిలి, జారుతున్న పైటలతో పరుగెత్తిన గోపికలు మన భాగవతంలోనూ వున్నారు, బెంగాలీ వైష్ణవ పదాల్లోనూ వున్నారు. వందల ఏళ్లుగా మన కవులు పరుగెత్తే స్త్రీని అలాగే చూశారు. రాంకింకర్ అదే పరుగును తీసుకుని, ఊదేవాణ్ణి మార్చాడు. వేణువు స్థానంలో బాయిలరు ఆవిరి కూస్తున్నది. సంప్రదాయాన్ని ఎలా వాడుకోవాలన్నదానికి ఇంతకంటే మంచి పాఠం నేనెరుగను. దాన్ని తోసిపారెయ్యలేదు, పూజించనూ లేదు. తన కాలపు నిజం దానిచేత చెప్పించాడు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. దాన్ని దాటవేయకూడదు. ఆ స్త్రీల పరుగులో ఉల్లాసం వుంది, దాదాపు నాట్యం వుంది. మరి ఇది దోపిడీని అందంగా చూపించడం కాదా? బెంగాల్ మధ్యతరగతి కళలో సంథాల్ స్త్రీ అలంకారంగా మారిన మాట నిజం. నల్లని మేను, జడలో పువ్వు, వెన్నెల్లో నృత్యం — ఇలా ఆమెను ప్రకృతిలో ఒక భాగం చేసి, ఆమె కూలిని మరిచిపోయిన చిత్రాలు చాలా వున్నాయి. రాంకింకర్ బొమ్మలో కూడా ఆ ఛాయ పూర్తిగా లేదని నేననను. కాని ఆ ఉల్లాసం ఎవరిది అని అడగాలి. అది మిల్లు ఇచ్చింది కాదు. మిల్లు ఇంకా లాక్కోలేకపోయింది. శ్రామికుణ్ణి ఎప్పుడూ డస్సిపోయినవాడుగా, కన్నీళ్ల మూటగా చిత్రిస్తేనే సానుభూతి అనుకునేవాళ్లున్నారు. అలాంటి సానుభూతి జాలికి చేరువగా, గౌరవానికి దూరంగా వుంటుంది. తన బలం తనకు తెలియని వర్గం ఏనాడూ ఏమీ సాధించలేదు.

ఆ కాలపు మరి రెండు బొమ్మల్ని పక్కన పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. మన పాఠకుల్లో చాలామంది మద్రాసు సముద్రతీరాన "శ్రమ విజయం" చూసే వుంటారు. దేవీప్రసాద్ రాయ్‌చౌదురి చేసిన ఆ కంచు శిల్పాన్ని 1959లో అక్కడ నెలకొల్పారు. నలుగురు మగవాళ్లు ఒక బండను కదిలించడానికి సర్వశక్తులూ ఒడ్డుతున్నారు. గొప్ప పనితనం, ప్రతి కండరం ఉబ్బి కనిపిస్తుంది. కాని అక్కడ శ్రమ ఒక క్షణం, ఒక ఘట్టం. ఆ నలుగురికీ ఇల్లు లేదు, పిల్లలు లేరు, బండ కదిలాక ఎక్కడికి పోతారో తెలియదు. స్త్రీ అసలే లేదు. రాంకింకర్ మనుషులకు శ్రమ ఒక ఘట్టం కాదు, బతుకంతా అదే. కావడిలో బిడ్డా, వెంట కుక్కా, తడి చీరా — ఇవన్నీ శ్రమలో భాగమే.

రెండోది వేరా ముఖీనా "కార్మికుడు, కొల్ఖోజ్ స్త్రీ". 1937 పారిస్ ప్రదర్శనలో సోవియట్ మంటపం మీద నిలిచిన ఉక్కు శిల్పం, సుమారు 25 మీటర్ల ఎత్తు. అధికారం చేజిక్కించుకున్న శ్రామికవర్గం తనను తాను చాటుకున్న బొమ్మ అది. సుత్తీ కొడవలీ ఆకాశానికెత్తిన ఆ ఇద్దరి అడుగు ముందుకు తప్ప మరోవైపు పడదు. అది నిలిచిన మరుసటి ఏడే సంథాల్ కుటుంబం పూర్తయింది. అక్కడా ఒక స్త్రీ, ఒక పురుషుడు, నడక. కాని బానిసదేశంలోని శిల్పి అలాంటి బొమ్మ చేసి వుంటే అబద్ధమయ్యేది. గెలుపు రాకముందే గెలుపు పాట పాడడం అభ్యుదయం కాదు. సోవియట్ రాజ్యం 1991లో పోయింది. ముఖీనా బొమ్మను బాగుచేసి 2009లో మాస్కోలో మళ్లీ నిలబెట్టారు. రాజ్యం చాటిన విజయం మారిపోయాక ఆ బొమ్మ అర్థం కూడా కొంత మారింది. సంథాల్ కుటుంబం ఏ విజయాన్నీ చాటలేదు కనుక అలా మారవలసిన అవసరం దానికి రాలేదు. కూలికోసం కుటుంబాలు వలసపోవడం ఈ దేశంలో ఈనాటికీ ఆగలేదు.

రాంకింకర్‌కు ఈ చూపు ఎక్కడిది? అతను 1906లో బాంకురాలో, క్షౌరవృత్తి చేసుకునే కుటుంబంలో పుట్టాడు. కుర్రతనంలో నాటకాలకు తెరలు చిత్రించాడు. సహాయ నిరాకరణోద్యమంలో జాతీయ నాయకుల బొమ్మలు గీశాడు. 1925లో రామానంద ఛటర్జీ ప్రోత్సాహంతో శాంతినికేతన్ చేరి, నందలాల్ బోసు శిష్యుడై, తర్వాత అక్కడే శిల్పశాఖను నడిపాడు. అంటే చేతిపని చేసేవాళ్ల మధ్య పెరిగి కళకు వచ్చినవాడు. కాని పుట్టుక ఒక్కటే చాలదు. పేద కుటుంబాల్లో పుట్టి పెద్దల ముచ్చట తీర్చిన కళాకారులు లేకపోలేదు.

ఇక్కడ 1935లో చేసిన "సుజాత" సంగతి చెప్పాలి. చెట్ల మధ్య, తనూ ఒక సన్నని చెట్టులాగే నిలిచిన పొడుగాటి స్త్రీమూర్తి అది. నిజానికి రాంకింకర్ మొదట చేసింది తోటి విద్యార్థిని ఒకామె రూపం. నందలాల్ చూసి నెత్తిన పాయసపు గిన్నె పెట్టమన్నాడు. దాంతో ఆమె బుద్ధుడికి పాయసం తెచ్చిన సుజాత అయింది. గిన్నె తర్వాత వచ్చింది; నిలబడిన తీరు ముందే వుంది. వస్తువు ముందు, శిల్పం తర్వాత అనే సూత్రాన్ని కంఠస్థం చేసిన మనం ఈ ఉదంతాన్ని కాస్త ఆలోచించాలి. ఆ బొమ్మ చూసి రవీంద్రుడు పిలిపించి, ఆవరణంతా ఇలాంటి బొమ్మలతో నింపమని చెప్పాడని రాంకింకర్ తలుచుకునేవాడు. జమీందారీ కుటుంబపు కవి పెట్టిన ఆశ్రమంలో కూలీల విగ్రహాలు లేచాయన్నది వైరుధ్యమే. అది కప్పిపుచ్చవలసింది కాదు. ఆ నేల అతనికి చోటూ స్వేచ్ఛా ఇచ్చింది, కంచు ఇవ్వలేకపోయింది. ఆ లేమినుంచే మొరం భాష పుట్టింది.

ప్రజానాట్యమండలి ఉద్యమంలో ఎదిగిన ఋత్విక్ ఘటక్ 1975లో ఇతనిమీద డాక్యుమెంటరీ తీశాడు. అది పూర్తికాకుండానే 1976లో ఘటక్ చనిపోయాడు. తన ఇంటి కప్పు కారితే తన తైలవర్ణ చిత్రాలనే పైన కప్పుకున్న సంగతి రాంకింకర్ ఆ సినిమాలో చెబుతాడు. 1970లో పద్మభూషణ్ వచ్చిన మనిషి మాట ఇది. 1980లో అతను కన్నుమూశాడు. శాంతినికేతన్‌ను 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. సంథాల్ కుటుంబానికి ఇప్పుడు పైన కప్పు వుంది. మొరం కలిపిన సిమెంటు ఎండకూ వానకూ అరుగుతుంది గనుక అది అవసరమే. కాని ఎండా వానా లెక్కచెయ్యకుండా పోయే మనుషుల బొమ్మను ఎండా వానా తగలకుండా చూడవలసి వస్తే మనసు కొంచెం చివుక్కుమంటుంది.

సాయంత్రం కావచ్చేసరికి పని దిగిన ఆడవాళ్లు నలుగురైదుగురు ఆ దారినే పోయారు. చేతుల్లో ఖాళీ టిఫినుగిన్నెలు. బొమ్మవైపు వాళ్లు చూడలేదు. నా విద్యార్థి మాత్రం బొమ్మను వదిలి వాళ్ల నడకనే చూస్తూ నిలబడ్డాడు. పొద్దున మేం అదే దారిన వచ్చినప్పుడు అలాంటి ఆడవాళ్లు ఎందరు ఎదురయ్యారో మాకిద్దరికీ గుర్తులేదు. కళ చేసే పని అక్కడ మొదలవుతుంది.

ఒక్క సందేహం నాకు మిగిలే వుంది. ఈ బొమ్మల్ని సంథాలులు తమవిగా అనుకుంటారా? ఆ తీర్పు నేను చెప్పేది కాదు, బెంగాలీ విమర్శకుడు చెప్పేదీ కాదు. రాంకింకర్ శాంతినికేతన్ చేరిన 1925లోనే రఘునాథ్ ముర్మూ సంథాలీ భాషకు ఓల్ చికి లిపి తయారుచేశాడు. 2003 రాజ్యాంగ సవరణతో ఆ భాష ఎనిమిదో షెడ్యూలులో చేరింది. తమ మాట తాము రాసుకునేవాళ్లు వచ్చారు. ఇతరులు తమను ఎలా చెక్కారో తేల్చవలసింది వాళ్లే.

మనమట్టుకు నేర్చుకోవలసింది వుంది. కూలీ కథ, రైతు కవిత చేతికొచ్చినప్పుడు వస్తువు మంచిదేనని చెప్పి సగం మార్కులు ముందే వేసే అలవాటు మానాలి. ఆ మనిషి ఎలా నడుస్తున్నాడని అడగాలి. ఏ మట్టితో అతన్ని చేశారు, దిమ్మ ఎంత ఎత్తున వేశారు, కూత పేరెత్తకుండా కూత వినిపించగలిగారా అని అడగాలి. ఈ ప్రశ్నలు శిల్పానికి సంబంధించినవని కొందరంటారు. కాదు, ఇవే వస్తువును గురించిన ప్రశ్నలు. పోరాటమెక్కడుందని అడిగిన నా విద్యార్థికి నేను చివరకు చెప్పిన జవాబూ ఇదే: పోరాటం ఆ బొమ్మ చేతిలో లేదు నాయనా, కాళ్లలో వుంది.